చివరి మనిషి కోటు

తాళంచెవి తలుపుని గీకుతున్న చప్పుడు విని ఇస్త్రీ ఆయన వంటగదిలోంచి వచ్చాడు. చెవి ఒకసారి తాళం కన్నానికి పైన తగిలింది, ఒకసారి కింద. అతను లోపలినుంచి తలుపు తీశాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆమె వెనక వీధి కనపడలేదు. పొగమంచులో వీధిదీపం ఉండాల్సిన చోట పసుపు మరక ఉంది, అంతే.

ఆమె మాట్లాడబోయింది. పళ్లు కొట్టుకుంటుంటే మాట ముక్కలైంది. రెండు చేతులూ అతని ముందుకు చాపింది. అతను గ్లౌజుల్ని ఒక్కో వేలి కొస దగ్గరా కాస్త కాస్త లాగి ఊడదీశాడు. లోపల వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. వాటిని తన అరచేతుల మధ్య పెట్టుకుని, చెవుల మీదికి దిగిన టోపీని మోచేత్తో పైకి నెట్టాడు. తర్వాత మెడపట్టీ, తర్వాత గాలి జాకెట్టు జిప్పు. జాకెట్టు నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. దాని కింద ఉన్ని స్వెట్టరు. స్వెట్టరు కింద చెయ్యి పోనిచ్చి వీపు తడిమాడు. లోచొక్కా చర్మానికి అంటుకుపోయి ఉంది. తెల్లవారుజామున దండెం మీది దుప్పటిని పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

అప్పుడు గమనించాడు, మెరుపుకోటు లేదు.

"కోటేదీ?"

"ఇచ్చేశాను," అంది ఆమె.

వేడినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, సగం తాగాక మిగతాది చెప్పింది. రోజూ తెల్లవారకముందు పార్కు గేటు దగ్గర ఓ గుంపు చేరుతుంది. కాలవ గట్టు మీదుగా పాతవంతెన దాకా పరుగెత్తి వెనక్కి వస్తుంది. గుంపుని నడిపేది పళ్ల డాక్టరు. బయల్దేరేముందు ఆయన టార్చి వేసి ఒక్కొక్కర్నీ చూస్తాడు. చెమట లాగే లోచొక్కా, వేడి నిలిపే ఉన్ని, గాలి ఆపే జాకెట్టు, చెవులు మూసే టోపీ, గ్లౌజులు, నుదుటి లైటు, గడ్డకట్టిన నేల మీద జారకుండా బూట్ల కింద ఇనుపపళ్ల పట్టీలు. ఏది తగ్గినా ఇంటికి పంపేస్తాడు. ఎక్కువైనా ఒప్పుకోడు. గేటు దగ్గర చలెయ్యని వాళ్లు దారిలో చెమటకి తడుస్తారని ఆయన సిద్ధాంతం.

మెరుపుకోటు మాత్రం గుంపులో ఒక్కరికే ఉంటుంది. చేతులుండవు, భుజాల మీదా వీపు మీదా పట్టీలుంటాయి, దీపం పడితే వెలుగుతాయి. అది వేసుకున్న మనిషి అందరికంటే వెనక పరుగెత్తాలి. ఆ మనిషి వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరి లేసు ఊడినా, ఎవరికి కాలు పట్టేసినా ఆగాలి. వంతెన దగ్గర గుంపంతా నిలబడి, కోటు కనపడ్డాకే వెనక్కి తిరుగుతుంది. పోయిన శీతాకాలం నుంచి అది ఇస్త్రీ ఆయన భార్యది. పగలు పార్సిళ్ల ఆఫీసులో తూకం కిటికీ వెనక కూర్చునే ఆమెను గుంపులో అందరూ చివరక్క అంటారు.

ఈ చలికాలంలో ఆమె వంతెన చేరేసరికి వణుకుతోంది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ బూటు పట్టీ ఊడిన ఒకాయనకి సాయం చెయ్యబోతే వేళ్లు వంగలేదట. ఆయనే వంగి కట్టుకున్నాడట. డాక్టరు చూశాడు. అందరి ముందూ, గొంతు పెంచకుండానే, ఈ శీతాకాలం విశ్రాంతి తీసుకోమన్నాడు. వయసుతో వాదించలేమన్నాడు. కోటు తీయించి గుంపులోని నర్సమ్మాయికి తొడిగించాడు.

"ఆయన నీకంటే పెద్దవాడేగా?"

"ఆయన వణకలేదుగా," అంది ఆమె.

ఏడవలేదు. గ్లాసు కడిగి బోర్లించి, ఆఫీసుకి తయారవడానికి లోపలికి వెళ్లింది. ఇస్త్రీ ఆయన నేల మీది బట్టల్ని ఎత్తి సంచీలో పెట్టుకున్నాడు. అతనికి జాలి కలిగింది. జాలి కింద ఇంకోటి కూడా ఉంది. అప్పుడు దాన్ని బయటికి తీసి చూడలేదు.

*

లాండ్రీ అతని వదినది. ముందుగదిలో ఆమె మూటలు విప్పుతుంది, వెనకగదిలో అతను ఇస్త్రీ చేస్తాడు, మధ్యగదిలో యంత్రాలు తిరుగుతాయి. చలికాలంలో ఆవిరి బయటికి పోదు. కిటికీ అద్దాల మీద పేరుకుని, బొట్లుగా జారి, చెక్క చట్రంలో ఆగుతుంది. ఆ గదుల్లో మనుషులు ఒకరికొకరు ముందు గొంతుగా వినపడి, తర్వాత ఆకారంగా కనపడతారు.

భార్య బట్టల్ని ఇస్త్రీ ఆయన చివరి విడతలో వేశాడు. సబ్బుపొడి వేసి, బట్టల్ని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ డబ్బా తీసుకుని, యంత్రం అరలో ఒక మూత పోశాడు. మామూలు బట్టలకి అంతే. ఆగి, ఇంకో మూత పోశాడు. చలి మొదలైనప్పుడు కొత్త లోచొక్కా వీపుకి గరుగ్గా తగులుతోందని ఆమె ఒకసారి అంది. ఆ రోజు నుంచీ ఆమె పరుగు బట్టలన్నిటికీ రెండు మూతలు.

వదిన ఆవిరిలోంచి చూసింది. "మీ ఆవిడ చొక్కాకి పోసినంత నా మాటలకి నేను పోసుకునుంటే, మీ అన్నకీ నాకూ ఒక్కరోజు కూడా గొడవ ఉండేది కాదయ్యా," అంది.

బట్టలు ఆరాక అతను ఇస్త్రీ బల్ల అంచున వేడి తగిలేచోట కాసేపు పరిచాడు. ఆ రకం బట్టలకి ఇస్త్రీ అక్కర్లేదు. అయినా అరచేత్తో సాపు చేసి, మడతపెట్టి, అట్ట మీద దొంతర పెట్టాడు. పూల వాసన వేసింది.

మర్నాడు పొద్దున అతనికి మెలకువ వచ్చేసరికి మంచం రెండోవైపు బరువు ఉంది. దుప్పటి కింద వేడి ఉంది. ఆ వేళప్పుడు అటు చెయ్యి జాపితే చల్లటి పరుపు తగలడం అతనికి అలవాటైపోయింది. ఇప్పుడు కళ్లు తెరవకుండా ఉండిపోయాడు. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో లాండ్రీ గదులు కనిపించాయి. దుప్పట్లు దండెం లేకుండానే గాలిలో నిలబడి ఉన్నాయి. ఎవరో వాటి మధ్య నడుస్తున్నారు.

కిటికీ తెర మీద వెలుగు కదిలింది. అతను కళ్లు తెరిచాడు. గుంపు వీళ్ల వీధిలోంచే కాలవ గట్టుకి వెళ్తుంది. మనుషులు కనపడటం లేదు. నుదుటి లైట్లు మాత్రం ఒకదాని వెనక ఒకటి పొగమంచులో తేలిపోతున్నాయి. కింద ఇనుపపళ్లు నేలని కొరుకుతున్న చప్పుడు.

భార్య వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. కిటికీ వైపు తల తిప్పలేదు.

"ఆ అమ్మాయి మధ్యలోకి వచ్చేసింది," అంది.

"ఎలా తెలుసు?"

"అడుగులు. తనవి తేలిగ్గా పడతాయి. వెనక ఇంకా ఎవరో ఉన్నారు, విను."

అతను విన్నాడు. ఒక జత అడుగులు మిగతా వాటికి దూరంగా, బరువుగా వచ్చాయి. తర్వాత అవీ పోయాయి. ఆమె కళ్లు మూసుకోలేదు. అతను దుప్పటి ఆమె భుజం మీదికి లాగి, తన వెచ్చటి చోటులోకి జరిగాడు.

*

ఆ రోజు పళ్ల డాక్టరు లాండ్రీకి స్వయంగా వచ్చాడు. ఇస్త్రీకి తెచ్చిన మూట వదిన ముందు పెట్టి, సరాసరి వెనకగదిలోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పాలనుకున్నది నిలబడే చెప్పాడు. వెనక వచ్చే మనిషి వేళ్లే వంగకపోతే ముందు పడిపోయిన మనిషిని లేపేదెవరు అన్నాడు. కాలవ గట్టుకి పిట్టగోడ లేదన్నాడు. రాత్రి సరిగా నిద్ర పట్టలేదని కూడా అన్నాడు. ఆయన తప్పు మాట్లాడుతున్నట్టు ఇస్త్రీ ఆయనకి అనిపించలేదు. తలూపాడు. డాక్టరు ముందుగదిలోకి వెళ్లాడు. అక్కడ వదిన తన దవడ పన్ను గురించి మొదలుపెట్టింది.

మూటలో డాక్టరు తెల్లకోట్ల మధ్య ఆయన పరుగు లోచొక్కా ఒకటి కలిసిపోయి వచ్చింది. గుంపంతా ఒకేసారి కొన్న రకం. భార్యదీ అదే గుడ్డ, అదే రంగు. ఇస్త్రీ ఆయన దాన్ని తెల్లకోటు అనుకునే బల్ల మీద పరిచాడు, గిన్నెలో వేళ్లు ముంచాడు, నీళ్లు చిలకరించాడు. చిలకరించాక చూశాడు.

నీటిబొట్టు పడ్డచోట పడ్డట్టే మాయమైంది. గుడ్డ మీద చుక్క వెడల్పై, పలచనై, అంచులు కనపడకుండా పోయింది.

అతను దాన్ని పక్కకు జరిపి, అట్ట మీది దొంతరలోంచి భార్య లోచొక్కా తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలీదు. అలాగే పరిచి, అలాగే చిలకరించాడు. బొట్లు గుండ్రంగా నిలబడ్డాయి. చొక్కా అంచు పట్టుకుని కొంచెం ఎత్తాడు. అన్నీ కలిసి జారి బల్ల మీద పడ్డాయి. వాటి కింద గుడ్డ పొడిగా ఉంది.

తుడిచి మళ్లీ చేశాడు. మళ్లీ జారాయి.

తర్వాత జాకెట్టు తీశాడు. వాన పడ్డా నీళ్లు నిలవవని చెప్పి అమ్మిన జాకెట్టు. చిలకరించగానే భుజం మీద నల్లటి మచ్చలు దిగాయి. తాగాల్సింది తాగడం లేదు. తాగకూడనిది తాగుతోంది. చెమట చొక్కాలోకి పోక ఆమె వీపు మీదే ఉండిపోయింది. మంచు జాకెట్టు దాటి లోపలికి వచ్చింది. వంతెన దాకా ఆమె ఆ రెండు తడుల మధ్య పరుగెత్తింది.

అతను ముందుగదిలోకి వచ్చాడు. డాక్టరు గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆయన లోచొక్కా ఇంట్లో ఎవరు ఉతుకుతారని అడిగాడు ఇస్త్రీ ఆయన.

"మా అమ్మ," అన్నాడు డాక్టరు.

"ఏం వేసి?"

"సబ్బుబిళ్ల. ఇంకోటి ఇంట్లోకి రానివ్వదు. చిన్నప్పుడు నన్నూ దాంతోనే తోమింది. ఏం, మరకేమైనా ఉందా?"

లేదన్నాడు ఇస్త్రీ ఆయన.

డాక్టరు వెళ్లాక వదిన వెనకగదికి వచ్చింది. అతను రెండు చొక్కాల మీదా నీళ్లు చల్లి చూపించాడు. ఆమె చొక్కా చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య గుడ్డని రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంది. మైనం పూసినట్టుందని అంది. సాఫ్ట్‌నర్ డబ్బా వైపు చూసింది. అతనూ చూశాడు. ఇక ఆ విషయంలో చెప్పుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

"ఇవాళే చెప్పు," అంది.

అతను చొక్కా మడతపెట్టి దొంతర మీద పెట్టాడు. వదిన వెళ్లి యంత్రం మూత వేసింది. కొంచెం గట్టిగా వేసింది.

ఇంటికి వచ్చేసరికి భార్య వంటగది గట్టు మీద పాత కాగితాలు పరిచి బూట్లు తుడుస్తోంది. ఇనుపపళ్ల పట్టీల్ని అప్పటికే తుడిచి, తుప్పు పట్టకుండా నూనె రాసి ఓ సంచీలో చుట్టింది. నుదుటి లైటు బ్యాటరీలు తీసి పక్కన పెట్టింది. వచ్చే ఏడు మాట అంటుందేమో అనుకున్నాడు. ఆమె నర్సమ్మాయి మాట ఎత్తింది. ఆ పిల్ల జాకెట్టు పలచన. కొలత ఇద్దరికీ ఒకటే. ఊరికే బీరువాలో పెట్టుకునేకంటే బట్టలన్నీ ఆ అమ్మాయికి ఇచ్చేద్దాం అంది.

"వెనక నిలబడేవాళ్లకి చలి ఎక్కువ. ఆగుతూ ఉండాలి కదా," అంది.

మాట అతని నాలుక చివర దాకా వచ్చింది. కుళాయి కారుతోంది. వెళ్లి బిగించాడు.

"ఇంకోసారి ఉతికి తెస్తాను. అప్పుడిద్దువుగాని," అన్నాడు.

*

ఆ తర్వాతి పొద్దున కూడా పక్క వెచ్చగా ఉంది. అతనికి మాత్రం ఈసారి మెలకువ వచ్చి చాలాసేపైంది. చెప్పకపోతే ఏమవుతుందో ఊహించుకున్నాడు. ఏమీ అవదు. అప్పుడప్పుడు ఆమె పైకప్పు చూస్తుంది. ఎండాకాలం వస్తుంది. వచ్చే చలికాలానికి కోటు సంగతి అందరూ మర్చిపోతారు. ఆమె కూడా మర్చిపోతుందేమో. రోజూ ఇలా పడుకోవచ్చు, ఇద్దరూ ఒకే వేడిలో.

లైట్లు వచ్చాయి, తేలాయి, పోయాయి. అడుగుల చప్పుడు సన్నబడి ఆగిపోయింది. వీధి మళ్లీ పొగమంచుకి మిగిలింది.

కాసేపటికి ఇంకో లైటు వచ్చింది. ఒక్కటే. అది తిన్నగా రావడం లేదు. గోడని తాకింది, వెనక్కి తిరిగింది, నేల మీద వృత్తం గీసింది. ఎవరో ఆయాసపడుతూ, "ఓయ్," అని పిలిచారు. జవాబు లేదు. లైటు కాలవ వైపు సందులోకి తిరిగింది. ఆ సందు చివర మెట్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి.

భార్య ఎప్పుడు లేచిందో అతను చూడలేదు. కిటికీ రెక్క తెరుచుకుని చలి గదిలోకి వచ్చింది. ఆమె రాత్రి కట్టిన చీరలోనే, కాళ్లకి ఏమీ లేకుండా నిలబడి బయటికి వంగింది.

"అన్నయ్యగారూ, అటు కాదు. వెనక్కి రండి. నా గొంతు వైపు రండి."

లైటు ఆగింది.

"ఎవరూ, చివరక్కేనా?"

"నేనే. గోడ మీద చెయ్యి వేసి రండి. ఆ, అలాగే. ఇప్పుడు కుడికి తిరగండి. తిన్నగా వెళ్తే గట్టు."

సైకిళ్ల షాపాయన అది. గుంపులో అందరికంటే లావు, అందరికంటే నిదానం. లేసు ఊడి ఆగాడట, తలెత్తేసరికి ఎవరూ లేరట. ఆ సంగతి ఆయన కిటికీ కింద నిలబడి చెప్పుకున్నాడు. తిట్టలేదు. పైపెచ్చు నర్సమ్మాయిని వెనకేసుకొచ్చాడు. పిల్ల పాపం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసిందట. వెళ్తూ వెళ్తూ, "మీ దీపం లేకపోతే దారి కుదరడం లేదమ్మా," అన్నాడు.

ఆమె కిటికీ మూసి వచ్చి పడుకుంది. పాదాలు అతని కాళ్లకి తగిలాయి. ఎంత చల్లగా ఉన్నాయంటే అతను కాళ్లు లాక్కోబోయి, ఆపుకున్నాడు. ఆమె పాదాల్ని తన పిక్కల మధ్య పెట్టుకుని, తెల్లవారే దాకా కదలకుండా ఉన్నాడు.

*

ఆ రోజు లాండ్రీలో వెనిగర్ వాసన వేసింది. వదిన పెద్ద సీసా ఒకటి తెచ్చి ఏమీ అడక్కుండా అతని ముందు పెట్టింది. అతను వేడినీళ్లలో వెనిగర్ కలిపి భార్య బట్టల్ని నానేశాడు. పైకి తీసి పిండితే, సబ్బు వెయ్యకుండానే నురగ వచ్చింది. నురగతో పాటు పూల వాసనా వచ్చింది. నీళ్లు పారబోసి మళ్లీ నానేశాడు. వాసన పోయేదాకా జాడించాడు. ప్రతిసారీ ఒక మూలని ఆరబెట్టి, వేలితో బొట్టు వేసి చూశాడు. మొదట బొట్టు నిలబడింది. తర్వాత నిలబడి, ఆలోచించుకున్నట్టు, కుంగింది. చివరికి పడగానే పోయింది.

జాకెట్టుకి ఇంకో పని ఉంది. దాన్ని సబ్బునీళ్లలో మాత్రమే ఉతికి, ఆరాక బల్ల మీద పరిచి, పైన పాత దుప్పటి గుడ్డ వేశాడు. ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి, బరువు మోపకుండా నడిపాడు. ఎక్కువ వేడైతే ఆ గుడ్డ కరుగుతుంది. తక్కువైతే నీళ్లని ఆపే పైపూత మళ్లీ మేలుకోదు. పెట్టె అడుగుని చెంప దగ్గర పెట్టుకుని వేడి చూసుకుంటూ, భుజం నుంచి చేతి చివర దాకా వచ్చాడు. గుడ్డ తీసి నీళ్లు చిలకరించాడు. బొట్లు నిలబడి జారిపోయాయి. వదిన వచ్చి తనూ చిలకరించింది. ఇంకోసారి చిలకరించింది. ఆమెకి సరదాగా ఉన్నట్టుంది.

సాయంత్రం అతను బట్టల్ని వంటగది గట్టు మీద పెట్టాడు. భార్య లోచొక్కా ఎత్తి మొహం దగ్గర పెట్టుకుంది.

"వాసన లేదేం?"

అతను గిన్నెలో నీళ్లు తెచ్చాడు. చొక్కా మీద చిలకరించాడు. జాకెట్టు మీద చిలకరించాడు. రెండూ ఏం చేశాయో చూడమన్నాడు. మొన్నటిదాకా ఏం చేశాయో చెప్పాడు. రెండు మూతల సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ గిన్నె పట్టుకునే ఉన్నాడు.

ఆమె జాకెట్టు మీది బొట్టుని వేలితో నెట్టింది. అది భుజం నుంచి మోచేతి దాకా పరుగెత్తి ఆగింది.

"అయితే వయసు కాదు," అంది.

"కాదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న. మధ్యాహ్నం."

"నిన్న సాయంత్రం ఇవి ఆ అమ్మాయికి ఇచ్చేద్దామన్నాను. ఇక్కడే నిలబడ్డారు."

"ఆ."

"చెప్పలేదేం?"

అతను గిన్నె కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి తడి లేదు.

"పక్క వెచ్చగా ఉంది," అన్నాడు.

ఆమె జాకెట్టు వైపు తిరిగింది. బొట్టుని వెనక్కి, భుజం వైపు నెట్టింది. అది ఎక్కలేదు. తర్వాత బట్టలు తీసుకుని లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడు కాలేదు. బూట్ల కింద పట్టీలు బిగిస్తున్న చప్పుడు వినిపించింది.

*

పొద్దున ఆమె లేచినప్పుడు అతనూ లేచాడు. అతను బనీను, దాని మీద నూలు చొక్కా, స్వెట్టరు, ఇంకో స్వెట్టరు, ఓవర్‌కోటు వేసుకుని మఫ్లరు చుట్టుకున్నాడు. పార్కు గేటు దాకా ఆమె ముందు, అతను వెనక నడిచారు.

గేటు దగ్గర అందరూ గాలిలోకి ఆవిర్లు వదులుతూ నిలబడి ఉన్నారు. డాక్టరు టార్చితో ఒకరి చెవులు చూస్తున్నాడు. నర్సమ్మాయి ఇస్త్రీ ఆయన్ని చూసి, దుప్పట్ల కొట్టు మొత్తం నడిచొచ్చిందే బావగారూ అంది. కొందరు నవ్వారు. నవ్వు ఆగాక అతను గొంతు సవరించుకున్నాడు. అంతమంది ముందు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. కోటు తీసింది అందరి ముందు కాబట్టి, ఇదీ అందరి ముందే అనాలని రాత్రి అనుకున్నాడు.

"డాక్టరుగారూ, ఈవిడ వణికింది వయసు వల్ల కాదండి. నా వల్ల."

మిగతాది వంకర టింకరగా చెప్పాడు. మూతల దగ్గర తడబడ్డాడు. సీసాలో తెచ్చుకున్న నీళ్లు భార్య జాకెట్టు చేతి మీద పోశాడు. డాక్టరు టార్చి వేశాడు. బొట్లు వెలుగులో మెరుస్తూ జారి బూట్ల మీద పడ్డాయి. ఆయన ఇంకాసేపు టార్చి అక్కడే ఉంచాడు.

వంతెన దగ్గర చూద్దామన్నాడు డాక్టరు. ఆయన మాట పూర్తి కాకముందే నర్సమ్మాయి మెరుపుకోటు తలమీంచి తీసేసింది.

"తీసుకో అక్కా. వెనక ఉండమంటే నా కాళ్లు ఊరుకోవు. నిన్న ఆయన్ని వదిలేశాక రాత్రంతా అదే కల."

గుంపు కదిలింది. ఇనుపపళ్లు నేలని కొరికాయి. లైట్లు ఒక్కొక్కటే పొగమంచులోకి వెళ్లాయి. చివర్లో సైకిళ్ల షాపాయన వెళ్లాడు. గేటు దగ్గర ఇద్దరు మిగిలారు. ఆమె కదల్లేదు.

"నడవండి," అంది.

"నేనెక్కడికి? ఇంటికి పోతాను."

"గేటు దగ్గర నిలబడ్డవాళ్లంతా గుంపే. నా వెనక ఎవర్నీ వదలకూడదు. నడవండి."

అతను నడిచాడు. వెనకనుంచి ఆమె నుదుటి దీపం పడి, అతని నీడ వీధి పొడవునా పరుచుకుంది. కాళ్లు తనవే, తల మాత్రం ఎక్కడో పొగమంచులో కలిసిపోయింది. ఆగితే ఆమె ఆగుతోంది. అడుగు వేస్తే వెనక అడుగు పడుతోంది. కొంత దూరం పోయాక అతను పరుగులాంటిది అందుకున్నాడు. ఓవర్‌కోటు మోకాళ్లకి కొట్టుకుంది. వెనక అడుగులూ అదే లయలోకి వచ్చాయి. రెండు గోడల మధ్య ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. తనింకా మంచం మీదే ఉన్నాడేమో, ఇదంతా కిటికీలోంచి వింటున్నాడేమో అనిపించింది.

వాళ్ల ఇల్లు వచ్చింది. నీడ గేటు ఎక్కి, కిటికీ మీదికి పాకింది. తెర వెనక మంచం ఉంది. అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు. ఇనుము వేళ్లకి అంటుకుంది. వెనక ఆమె ఆగింది. వెలుగు కదలకుండా అక్కడే ఉంది. అతను చెయ్యి తీసేసి కాలవ వైపు తిరిగాడు.

వంతెన మీద గుంపు కాళ్లు తపతప కొడుతూ నిలబడి ఉంది. వాళ్లని అంతసేపు ఎప్పుడూ ఎవరూ నిలబెట్టలేదు. మెరుపుకోటు కనపడగానే ఎవరో అబ్బ అన్నారు. డాక్టరు ముందుకొచ్చాడు. ఆయన అడక్కముందే ఆమె గ్లౌజు తీసి చెయ్యి చాపింది. వేళ్లు చాచింది, ముడిచింది, చాచింది. డాక్టరు తన చేత్తో వాటిని పట్టుకుని చూశాడు.

"సరే," అన్నాడు. ఆయన నుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

అప్పుడు పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. అందరూ ఆమె మొహం చూశారు. ఆమె నోరు మూసే ఉంది. అందరూ ఇస్త్రీ ఆయన వైపు తిరిగారు. అతను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని వంతెన పిట్టగోడకి ఆనుకున్నాడు. ఆగిన క్షణం నుంచీ వీపు మీదికి ఏదో పాకుతోంది. బనీను తడి, చొక్కా తడి, ఆ తడి మీద గాలి. ఇదా, అనుకున్నాడు.

డాక్టరు అతన్ని టార్చి వేసి చూశాడు. "వయసు" అనబోయి, మధ్యలో నోరు మూసుకుని, టార్చి ఆర్పేశాడు.

ఆమె దగ్గరికి వచ్చింది. ఓవర్‌కోటు పైకెత్తి, రెండు స్వెట్టర్ల కిందనుంచి చెయ్యి పోనిచ్చి, వీపు తడిమింది. అతని మెడకున్న మఫ్లరు తీసి, ఆ తడికీ చర్మానికీ మధ్య పరిచి సర్దింది. తన గ్లౌజులు అతని చేతులకి తొడిగింది. ఒక్కో వేలూ సరిగా దిగిందో లేదో నొక్కి చూసింది.

"ఇంటికెళ్లాక ఇవి నేనుతుకుతాను," అంది.

గుంపు వెనక్కి తిరిగింది. లైట్లు వంతెన దిగి గట్టు మీద వరసకట్టాయి. అతను అందరికంటే వెనక బయల్దేరాడు. అతని వెనక ఆమె. ముందు అతని నీడ. వెనక దీపం దూరమైతే నీడ సాగుతుంది, దగ్గరైతే పొట్టిదవుతుంది. అతను దాన్నే చూస్తూ నడిచాడు. ఇల్లు వచ్చేదాకా దాని కొలత మారలేదు.